ఎండలో కాళ్ళ మీద స్నానం

మా అమ్మ ఢిల్లీ వచ్చిన మర్నాడు పొద్దున్నే కొబ్బరినూనె సీసాతో పేచీ పెట్టుకుంది. సీసాని బోర్లించింది, కుదిపింది, అడుగున అరచేత్తో కొట్టింది. ఒక్క చుక్క రాలలేదు.

"ఇదేం ఊరే తల్లీ, నూనె కూడా గడ్డకట్టుకుపోయింది! మనుషులెలా బతుకుతున్నారే ఇక్కడ?" అంది.

స్వెట్టరు మీద స్వెట్టరు తొడుక్కుని, పైన రజాయి కప్పుకుని మంచం మీదున్న నాకు నవ్వాగలేదు. నవ్వితే పొట్ట కదిలింది. అప్పటికి నాకు ఎనిమిదో నెల.

లెక్క ప్రకారం ఆ పాటికి నేనే పుట్టింట్లో ఉండాలి. తొలి కాన్పు పుట్టింటివాళ్ళ హక్కు. కానీ డాక్టరమ్మ నేను రైలెక్కడానికి వీల్లేదంది. కదిలితే బిడ్డకి ప్రమాదమంది. పిల్ల పుట్టింటికి రాలేకపోతే పుట్టిల్లే పిల్ల దగ్గరికి పోవాలనుకుంది కాబోలు మా అమ్మ, పురిటిగది మొత్తం ఒక ట్రంకుపెట్టెలో సర్దుకుని పశ్చిమగోదావరి నుంచి ఆర్.కె. పురంలోని మా రెండు గదుల క్వార్టర్‌కి వచ్చేసింది. డెబ్బయిల నడిమి మాట ఇది. ఆయనా నేనూ ఇద్దరం కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తాలం. మాది కింది వాటా. ముందు చిన్న గడ్డి లాను, వెనక ఇటుకలు పరిచిన పెరడు.

పెట్టెలో శొంఠి, వాము, కాయం, సున్నిపిండి, సాంబ్రాణి, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడ్డ పాత నూలు చీరలు, ఒక ఇత్తడి చెంబు ఉన్నాయి. అన్నిటికంటే అడుగున, మూడంగుళాల ఎత్తున్న ఒక చెక్క పీట. అంత దూరం నుంచి పీట మోసుకొచ్చావేమిటమ్మా, ఢిల్లీలో చెక్క దొరకదా అన్నాను. "దొరుకుతుంది. నా పీట దొరకదు" అంది.

ఆ పీటకి మా ఊళ్ళో పేరుంది. మా వీధిలో పుట్టిన పిల్లల్లో సగం మంది మా అమ్మ కాళ్ళ మీద నీళ్ళు పోసుకున్నవాళ్ళే. ఆ పీట మీద కూచుని, చీర మోకాళ్ళ పైకి దోపుకుని, రెండు కాళ్ళూ చాచి దగ్గరగా చేర్చి, వాటి మధ్య లోతులో బిడ్డని బోర్లా పడుకోబెట్టేది. వీపంతా నూనె మర్దనా, సున్నిపిండితో నలుగు, తర్వాత చెంబుతో ధారగా వేన్నీళ్ళు. ఎంత గుక్కపట్టి ఏడ్చే పిల్లయినా ఆ కాళ్ళ మీద కాసేపటికి మెత్తబడిపోయేది. చివర్న చెంబులో మిగిలిన నీళ్ళు చేతిలోకి తీసుకుని, బిడ్డ చుట్టూ దిగదుడిచి, "శ్రీరామరక్ష, నూరేళ్ళాయుష్షు" అనేది. అది అంటేనే స్నానం అయినట్టు. పెద్దయ్యాక ఆ పిల్లలు మీసాలొచ్చి వీధిలో ఎదురుపడితే కూడా అమ్మ వాళ్ళ నడుం వంక ఒకసారి చూసి, "నా చేతి చలవే" అని లోలోపల మురిసేది.

మా పక్క వాటాలో పంజాబీ ఆంటీ ఉండేది. దేశం రెండు ముక్కలైనప్పుడు చిన్నవయసులో ఇటు వచ్చేసిన మనిషి. అమ్మ ఈడే ఉంటుంది. పెద్ద గొంతు, పెద్ద మనసు, చేతినిండా ఉన్ని అల్లకం. అమ్మకి హిందీ ముక్క రాదు. ఆంటీకి తెలుగు అంటే మద్రాసీ. అయినా మొదటిరోజు సాయంత్రానికే అమ్మ ఆవిడని వదినగారూ అని పిలవడం, ఆవిడ బెహన్‌జీ అని బదులు పలకడం, ఇద్దరూ ఎవరి భాషలో వాళ్ళు గంటలకొద్దీ మాట్లాడుకోవడం మొదలైంది. ఆంటీ ఆ పీటని చూసి ఇది దేనికని నన్నడిగింది. చెప్తే, "జనవరీ మే?" అని కనుబొమలెగరేసింది గానీ అంతకుమించి ఏమీ అనలేదు. ఒకరి పురిటి పద్ధతుల్లో ఇంకొకరు వేలుపెట్టకూడదని ఆవిడకీ తెలుసు.

పాప నెల ముందే పుట్టింది. అరచేతిలో తల పెట్టుకుంటే కాళ్ళు మోచేతి దాకా కూడా రాలేదు. ఆసుపత్రి నుంచి పంపేటప్పుడు డాక్టరమ్మ, "ఈ పిల్లకి ఇప్పుడు రెండే పనులు. వెచ్చగా ఉండటం, బరువు పెరగటం. పెరగకపోతే వెంటనే వెనక్కి తీసుకురండి" అని మరీ మరీ చెప్పింది. స్నానం సంగతి ఆవిడ చెప్పలేదు, మేమూ అడగలేదు. పుట్టిన పిల్లకి నీళ్ళు పొయ్యొచ్చా అని ఆంధ్రదేశంలో ఎవరూ ఎవరినీ అడగరు.

పురిటి స్నానం రోజు వచ్చింది. అమ్మ ఏ లోటూ రానివ్వదలచుకోలేదు. పొద్దున్నే బొగ్గుల అంగీఠీ మీద పెద్ద గిన్నె పెట్టి వేపాకులు వేసి నీళ్ళు కాచింది. కిటికీ అద్దాల అవతల పొగమంచు. పక్క బ్లాకు కూడా కనిపించడం లేదు. సిమెంటు గచ్చు బాత్‌రూములో పీట వేసుకుని కూచుంది. నీళ్ళు బాగానే వేడిగా ఉన్నాయి, నేనూ చెయ్యి పెట్టి చూశాను. కానీ ఆ చలికి చెంబులోంచి వీపు మీద పడేలోగానే సగం చల్లారిపోతున్నాయన్న సంగతి మా ఇద్దరికీ తట్టలేదు. పాప ఏడవలేదు. బుద్ధిమంతురాలు అనుకున్నాం. తుడిచి, సాంబ్రాణి పొగ వేసి, మా ఊళ్ళో లాగే మెత్తటి పాత నూలు చీరలో చుట్టి, "శ్రీరామరక్ష" అని నా ఒళ్ళో పెట్టింది.

మధ్యాహ్నానికి పాప పాలు తాగడం మానేసింది. నోట్లో పెట్టినా చప్పరించదు. పాదాలు పట్టుకుంటే కుళాయి గొట్టం పట్టుకున్నట్టుంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆయన ఆఫీసులో ఉన్నారు. అమ్మ "వదినగారూ!" అని వేసిన కేకకి ఆంటీ అల్లుతున్న ఉన్ని అక్కడే పడేసి వచ్చింది. పాపని ఒకసారి ముట్టుకుంది. తన స్వెట్టరు గుండీలు విప్పి, పిల్లని నేరుగా తన గుండెకి అదుముకుని, పైన శాలువా బిగించింది. "ఆటో బులాఓ!" అని ఎవరికో కేకేసింది. దారి పొడుగునా ఆవిడ శాలువా విప్పలేదు. పక్కన నేను. నా పక్కన అమ్మ, కాళ్ళకి చెప్పులు కూడా లేకుండా.

ఆ ఆటోలో ఆంటీ గుండె వేడి లేకపోతే ఈ కథ వేరేలా ఉండేది. ఆవిడకి నేను ఎన్ని జన్మలకి ఋణపడ్డానో నాకు తెలియదు.

ఆసుపత్రిలో పాపని కొన్నాళ్ళు గాజుపెట్టెలో వెచ్చగా ఉంచారు. "ఈ చలిలో ఇంత చిన్న పిల్లకి స్నానమా?" అంది డాక్టరమ్మ ఇంగ్లీషులో, గొంతు కూడా పెంచకుండా. అమ్మకి ఆ భాష రాదు. కానీ గాజుపెట్టె వంకా తన చేతుల వంకా మార్చి మార్చి చూసుకుంది. నన్ను అనువాదం చెయ్యమని అడగలేదు.

ఇంటికొచ్చాక అమ్మ మారిపోయింది. వంట చేస్తుంది, గుడ్డలుతుకుతుంది, నా పథ్యం చూస్తుంది. పాపని మాత్రం ముట్టుకోదు. గుక్కపట్టి ఏడుస్తున్నా గుమ్మం దగ్గర నిలబడి, "ఒసేయ్, పిల్ల ఏడుస్తోంది చూడు" అంటుందే తప్ప లోపలికి రాదు. పీట తలుపు వెనక్కి, చెంబు పెట్టెలోకి వెళ్ళిపోయాయి. ఒకరోజు సాయంత్రం ఆయన్తో, "బాబూ, నాకు టిక్కెట్టు తీసుకోండి. మీ అమ్మగారిని రప్పించుకోండి. నా చేతులు మంచివి కావు" అంది. ఆయన కంగారుపడిపోయి, "అదేం మాటండీ అత్తయ్యగారూ!" అన్నారు. కానీ తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు అనే రకం మా అమ్మ. నిన్నటిదాకా తనంత చెయ్యి తిరిగిన మనిషి లేదనుకుంది. ఇవాళ తనకేమీ రాదనుకుంటోంది. మధ్యే మార్గం ఆవిడ జాతకంలో లేదు.

అప్పుడు ఇంటి పగ్గాలు ఆంటీ చేతిలోకి వెళ్ళాయి. పాపకి ఉన్ని టోపీ, ఉన్ని మేజోళ్ళు. పైన చేతులు కూడా కదలకుండా గుడ్డలో బిగించి చుట్టడం. నాకు పొద్దున్నా సాయంత్రమూ నేతిలో వేయించిన గోధుమపిండి పంజీరీ. పాప వెచ్చగా ఉంది, నిజమే. కానీ డిస్పెన్సరీకి తీసుకెళ్ళి త్రాసులో పడుకోబెడితే ముల్లు కదల్లేదు. వారం తర్వాత మళ్ళీ వెళ్ళాం, అదే చోట ఉంది. రెండు చప్పరింపులకి అలిసి నిద్రపోతుంది, మళ్ళీ ఆకలికి లేచి ఏడుస్తుంది. ఒళ్ళంతా ముడుచుకునే ఉంటుంది. వచ్చే వారం కూడా ఇలాగే ఉంటే మళ్ళీ ఆసుపత్రిలో చేర్చాల్సి ఉంటుందన్నారు. గాజుపెట్టెలో ఉన్న పిల్లని ఇంకోసారి చూసే ధైర్యం నాకు లేదు.

మాలిష్ చేస్తే, అదే ఒళ్ళు మర్దనా చేస్తే, పాలు తాగుతుందంది ఆంటీ. మర్నాడు మధ్యాహ్నం మంచు విడిపోయి మంచి ఎండ కాసింది. లానులో గాలి తగలకుండా మంచానికి దుప్పటి అడ్డుకట్టి, ఆవనూనె వేడిచేసి తెచ్చింది. పాప గుడ్డలు విప్పి రెండుసార్లు చెయ్యి వేసింది. ఆగిపోయింది. తన ముగ్గురు కొడుకుల్ని ఆవిడ పిండి మర్దించినట్టు మర్దించిన మనిషి. ఇంత చిన్న ఒంటిని ఎప్పుడూ పట్టుకోలేదు.

"బేటీ, ముఝే డర్ లగ్‌తా హై. యే తో బహుత్ ఛోటీ హై" అంది, పిల్ల మరీ చిన్నది, తనకి భయమేస్తోందని. వెంటనే లోపలికి చూసి, "బెహన్‌జీ! బాహర్ ఆఇయే!" అని అమ్మని బయటికి పిలిచింది.

అమ్మ రాలేదు. ఆంటీయే లోపలికి వెళ్ళింది. తలుపు వెనకనుంచి పీట తీసుకొచ్చి ఎండలో వేసి, దాని మీద అరచేత్తో తట్టింది, ఇక్కడ కూచో అని. గుమ్మం దాకా వెంట వచ్చిన అమ్మ తల అడ్డంగా ఊపింది.

"నాకొద్దు వదినగారూ. నా చేతులు మంచివి కావు."

ఏమందని నన్నడిగింది ఆంటీ. చెప్పాను. ఆవిడకి కోపం వచ్చింది. ఆవిడ కోపం కూడా పెద్దదే.

"హాథ్ మే కోఈ ఖరాబీ నహీఁ! ఖరాబీ ఠండ్ మే థీ! బోల్ అప్‌నీ మా కో!"

"చేతుల్లో తప్పేమీ లేదటమ్మా. తప్పు చలిదట" అన్నాను.

ఆంటీ ఇంకా చెప్తూనే ఉంది, నేను తెలుగులో అందిస్తూనే ఉన్నాను. నీళ్ళు వద్దట. హోలీ దాకా నీళ్ళ మాటే ఎత్తొద్దట. ఒట్టి నూనె చాలట. కాళ్ళు నీవి, నూనె ఆవిడది, ఎండ దేవుడిదిట. ముగ్గురూ కలిస్తే పిల్ల ఎందుకు బాగుపడదో చూస్తానంటోంది.

అమ్మ గుమ్మం దిగింది. తర్వాత వచ్చి పీట మీద కూచుంది. చీర పైకి దోపుకుని కాళ్ళు చాచింది. వేడి నూనె ముందు తన పిక్కలకి రాసుకుని, కాళ్ళు ఎండకి వెచ్చబడేదాకా ఆగింది. ఆ ఆగడం ఆవిడ కొత్తగా నేర్చుకున్నది. మా ఊళ్ళో కాళ్ళు వెచ్చబెట్టుకోవాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు కదా. "ఛీ, ఏం ఘాటే ఈ నూనె" అని గొణిగింది. ఆ గొణుగుడు విని నా ప్రాణం లేచొచ్చింది. చాలా రోజుల తర్వాత మా అమ్మ మా అమ్మలా మాట్లాడింది.

పాపని బోర్లా పడుకోబెట్టుకుంది. పైన సగం గుడ్డ కప్పి ఉంచి, విప్పిన సగానికే నూనె రాసి, అది కప్పి మళ్ళీ ఈ సగం విప్పింది. బొటనవేలితో వెన్ను పక్కగా, మెడ నుంచి నడుం దాకా, నడుం నుంచి మెడ దాకా. నోటితో ఏదో చిన్నగా లాలి. ముడుచుకుపోయిన పాప మోకాళ్ళు మెల్లగా విచ్చుకున్నాయి. పిడికిళ్ళు వదులయ్యాయి. ఒక తుమ్ము తుమ్మి, అమ్మ కాళ్ళ మధ్య అలాగే నిద్రపోయింది. లేచాక పాలు తాగింది. ఆపకుండా, చప్పుడవుతుండగా, నా కళ్ళలోంచి నీళ్ళు కారిపోతుండగా తాగింది.

ఆ తర్వాత వారం త్రాసులో ముల్లు కదిలింది. కొంచెమే. డిస్పెన్సరీ నర్సుకి అది ఏమాత్రం లెక్కలోకి వచ్చిందో తెలియదు గానీ, మేం ఆ సాయంత్రం పాయసం వండుకున్నాం. పక్క వాటాకి ముందు పంపించాం.

టిక్కెట్టు మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. అమ్మ తన పద్ధతుల్ని ఒక్కొక్కటే పెట్టెలోంచి బయటికి తీసింది, కానీ ఇప్పుడు ప్రతిదాన్నీ వెనకా ముందూ చూసి తీసేది. సాంబ్రాణి పొగ పిల్లకి వెయ్యడం మానేసి, పెరట్లో పిల్ల గుడ్డలకి పట్టించి, వాసన మాత్రం మిగిలాక లోపలికి తెచ్చేది. నూలు చీర ఒంటికి, ఉన్ని పైకి. పంజీరీ మీద మాత్రం చాలా రోజులు అనుమానం పోలేదు. బాలింతకి అంత నెయ్యా అని. ఒకరోజు చిటికెడు నోట్లో వేసుకుని ఆలోచించి, "ఒసేయ్, ఇందులో శొంఠి ఉందే!" అంది. ఇంకో చిటికెడు వేసుకుంది. "వాము కూడా తగిలినట్టుంది. మరి ముందే చెప్పదేం ఆవిడ?" అంది. ఆ రోజు నుంచి నా వాటా అయిపోయిందో లేదో అమ్మే గుర్తుపెట్టుకుని ఆంటీని అడిగేది.

శివరాత్రి దాటాక నీళ్ళు పోస్తానంది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది కదా అని. ఆంటీ హోలీ అంటే హోలీయే అంది. మా అమ్మ జీవితంలో మొదటిసారి పంచాంగం విషయంలో ఒకరి మాట వింది. హోలీ వెళ్ళిన మర్నాడు, నడిమధ్యాహ్నం, పెరట్లో ఎండతో కాగిపోతున్న ఇటుకల మీద పీట వేసుకుని పాపకి నీళ్ళు పోసింది. పాప గొంతు చించుకుని ఏడ్చింది. అమ్మ నవ్వింది. "ఏడు తల్లీ, బాగా ఏడు" అంది.

కొత్తొక వింత, పాతొక రోత అంటారు. మా ఇంట్లో ఆ శీతాకాలం రెండూ ఒకే మంచం మీద సర్దుకుని కూచున్నాయి. తర్వాత మా ఇంటికి గ్యాస్ పొయ్యి వచ్చింది, మిక్సీ వచ్చింది, టీవీ వచ్చింది. ఒక్కొక్కటి వచ్చినప్పుడల్లా పాతదాన్ని పారేద్దామనే తొందర నాకుండేది. అప్పుడల్లా లానులో ఆవనూనె రాసుకుని కాళ్ళు వెచ్చబెట్టుకుంటున్న మా అమ్మ గుర్తొచ్చేది. కాళ్ళు మార్చుకోలేదు, పీట మార్చుకోలేదు. వేళ మార్చుకుంది, నూనె మార్చుకుంది. నాకున్న పాటి తెలివి ఆ పీట దగ్గరే వచ్చింది. అందుకు ఆ ఇద్దరికీ నా నమస్కారం.

ఎనభైలు వచ్చాయి. పాప స్కూలుకి వెళ్తోంది. మేం తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే వయసు. ఆంటీ పెద్దకోడలికి డిసెంబరులో కొడుకు పుట్టాడు. అమ్మ ఆ చలికాలం మా దగ్గరికి వచ్చి ఉందని తెలిసి, పురుడు వెళ్ళగానే ఆంటీ మా గుమ్మంలోకి వచ్చింది. ఈసారి ఆవిడ అడిగిన సంగతి విని నేను నిర్ఘాంతపోయాను. మనవడికి మొదటి స్నానం బెహన్‌జీ కాళ్ళ మీదే జరగాలట.

"డిసెంబరులోనా! వద్దని చెప్పవే" అంది అమ్మ. పిల్లాడు నెలలు నిండి పుట్టాడు, బొద్దుగా ఉన్నాడు, డాక్టరు కూడా సరేనన్నారు, ఎండ బాగా ఉంది అని ఆంటీ వేళ్ళు మడిచి చెప్పింది. మా ఊళ్ళో ఆ తర్వాత ఎంతమందికి పోసినా, చలికాలంలో మాత్రం అమ్మ ఏ పసిపిల్లకీ తలకి నీళ్ళు పొయ్యలేదని నాకు తెలుసు.

చివరికి ఒప్పుకుంది. మధ్యాహ్నం అదే పెరడు, అమ్మ వెంట మళ్ళీ వచ్చిన అదే పీట. అమ్మ మోకాళ్ళు ఇప్పుడు అంత సులువుగా వంగడం లేదు, నేను చెయ్యి పట్టుకుని కూచోబెట్టాను. కాళ్ళు ఎండకి వెచ్చబడ్డాయి. నూనె అయింది, నలుగు అయింది. నీళ్ళలో ముందు ఆంటీ చెయ్యి పెట్టి చూసింది, తర్వాత అమ్మ పెట్టి చూసింది, తర్వాత నేను. చెంబు నిండింది. అమ్మ చెంబు ఎత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. పిల్లాడు కాళ్ళ మీద చేతులు కొట్టుకుంటున్నాడు.

తువ్వాలు పట్టుకుని నిలబడ్డ మా పాప ముందుకి వంగి అమ్మమ్మ మొహంలోకి చూసింది. ఆ కథ దానికి మేమెప్పుడూ చెప్పలేదు. ఆంటీయే చెప్పి ఉంటుంది, తన శాలువాలో ఆటో ఎక్కిన సంగతి. ఎప్పుడూ హిందీలో జవాబిచ్చే పిల్ల, ఆ రోజు మాటలు వెతుక్కుంటూ తెలుగులో అంది.

"నీళ్ళు పొయ్యి అమ్మమ్మా. భయం లేదు. నేను బాగానే ఉన్నా కదా."

అమ్మ దాన్ని తలెత్తి చూసింది. రెండు జడలు, స్కూలు స్వెట్టరు, ఊడిన పన్ను, నిలబడితే పీట మీద కూచున్న తనకంటే ఎత్తు. చెంబు వంగింది. నీళ్ళు ధారగా పడ్డాయి. పిల్లాడు వీధంతా వినిపించేలా ఏడ్చాడు, ఆంటీ చప్పట్లు కొట్టింది. చివర్న మిగిలిన నీళ్ళు అరచేతిలోకి తీసుకుని అమ్మ పిల్లాడి చుట్టూ దిగదుడిచింది. తర్వాత, తడిచేత్తోనే మా పాపని దగ్గరికి లాక్కుని, దాని నెత్తిమీద చెయ్యి వేసి, దాని తొలి స్నానం నాడు తుడిచిపెట్టుకుపోయిందనుకున్న మాటని ఇద్దరికీ కలిపి గట్టిగా అంది.

"శ్రీరామరక్ష. నూరేళ్ళాయుష్షు."